కణప గింజల కోసం పోలేరయ్య

పోలేరయ్య నా తోటకు మొదటిసారి వచ్చింది పని అడగడానికి కాదు, నవ్వడానికి.

2016 జనవరి. మైపాడుకు దక్షిణంగా, సముద్రానికి కిలోమీటరు ఇవతల, ఎకరంన్నర పల్లపు నేల కొని రసాయనాలు లేకుండా అడవిని పోలి పెంచే పర్మాకల్చర్ తోట పెడుతున్నానని కనపడిన ప్రతివాళ్ళకూ చెప్పుకుంటూ తిరుగుతున్న రోజులవి. మాది కోవూరు పక్క వరి పండించే ఇల్లు. ఆ నేలను చూడగానే మా నాన్న, “వానాకాలం బాతులు మేపుకో, ఎండాకాలం ఉప్పు చేసుకో” అని చెప్పి వెళ్ళిపోయాడు. నేను పది రోజుల శిక్షణకు వెళ్ళి సర్టిఫికెట్టు తెచ్చుకున్నదాన్ని కదా, ఆయనకేం తెలుసులే అనుకుని నలభై మామిడి అంట్లు నాటాను. నవంబరులో వచ్చిన వరద నీళ్ళు సంక్రాంతి దాటినా తీయలేదు. అంట్లన్నీ మోకాలి లోతు నీళ్ళలో నల్లబడి నిలబడ్డాయి.

“ఏందిమా, మామిడంట్లకు ఈత నేర్పిస్తుండావా?”

తల ఎత్తి చూస్తే కంచె అవతల యాభై దాటిన మనిషి. నెత్తిన చేపల తట్ట. ఒక కాలు కొంచెం ఈడుస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

“నీకు నవ్వులాటగా ఉందా పెద్దాయనా?” అన్నాను.

“నవ్వులాట కాదుమా. నీ నేల నాకు కావాల. ఒక బారెడు చాలు” అన్నాడు.

తట్ట దించాడు. అందులో చేపలు లేవు. తడిగుడ్డ చుట్టిన బురద ముద్ద, ఆ ముద్దలోంచి జానెడు మొక్క. చిగురు ఎర్రగా ఉంది.

“కణప. నీళ్ళలో పుట్టి నీళ్ళలో బతికే చెట్టు. పాయ గట్టున పెడితే మేకలు తింటాయి, మా ఇళ్ళ కాడేమో అంతా ఇసక. నీ కాడ కంచె ఉండాది, వాన నీళ్ళు నిలస్తాయి. పెట్టుకోనిస్తావా?”

ఆ పేరు నేను అప్పుడే విన్నాను. నా నోటుబుక్కులో స్థానిక వృక్షాలు అని రాసుకున్న పట్టికలో కణప లేదు. పట్టికలో లేని చెట్టు ఒకటి నా తోటలో ఉంటే నలుగురికీ చూపించుకోవచ్చని ఆశపడి ఒప్పుకున్నాను. జాలిపడి ఒప్పుకున్నానని చెప్పుకోవాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది గానీ అది అబద్ధం.

అతను ఒక జానెడు మొక్కకోసం ఎవరో తెలియని ఆడదాన్ని ఎందుకంత బతిమాలాడో తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

పోలేరయ్యది సముద్రంలో కలిసే పాయ ఒడ్డున ఉన్న జాలర్ల పాలెం. నాలుగేళ్ళ వయసులో తల్లి పోతే, పదకొండేళ్ళ అక్క చెంచులక్ష్మి అతన్ని చంకన వేసుకుని పెంచింది. పదకొండేళ్ళకు పడవెక్కాడు. వల అల్లడంలో, తాడు ముడి వేయడంలో ఆ పాలెంలో అతన్ని మించినవాళ్ళు లేరు. లంగరు తాళ్ళకు ముడి వేయాలంటే పెద్దవాళ్ళు కూడా అతన్నే పిలిచేవాళ్ళు. నలభై ఏళ్ళు వచ్చేసరికి పాలెం పెద్దల్లో ఒకడయ్యాడు. గొంతు పెద్దది, కోపం ఎక్కువ, మాట అంటే జరిగిపోవాలి.

ఆ రోజుల్లో పాయ గట్టు పొడుగునా కణప చెట్లుండేవి. ముప్పైకి పైగా. ఎవరూ నాటినవి కావు. కొమ్మలు వంగి నీళ్ళను తాకుతూ, వేళ్ళు గట్టులోంచి పాయలోకి దిగి ఉండేవి. ఫైబర్ పడవలు, ఇంజన్లు వచ్చిన కొత్తలో ఆ వేళ్ళు పంకాలకు తగులుకోవడం, ఆరేసిన వలలు కొమ్మలకు పట్టుకుని చినగడం మొదలయ్యాయి. కొట్టేద్దామన్నాడు పోలేరయ్య. అందరూ సరేనన్నారు. ఒక్క చెంచులక్ష్మే అడ్డం వచ్చింది.

“ఆ వేళ్ళే గదరా గట్టును పట్టుకోనుండేది” అందంట.

“ఆడోళ్ళకు పడవల సంగతి ఏం తెలుసు, పోయి చేపలారేసుకోండి” అన్నాడంట తమ్ముడు. ఈ మాట నాకు చెప్పేటప్పుడు అతను నేల చూపులు చూశాడు.

మూడు రోజుల్లో గట్టు నున్నగా అయింది. మొద్దులు కూడా తవ్వి తీశారు, పడవలు సాఫీగా రావాలని. ఆ ఏడాదంతా పాలెంలో కణప కట్టెల మీదే వండుకున్నారు.

తర్వాత ప్రతి వరదకూ గట్టు కొంచెం కొంచెం విరిగిపోతూ వచ్చింది. బారెడు, రెండు బారలు. 2015 నవంబరులో ఒక్క పగటిపూట మొదటి వరసలో ఆరిళ్ళు పాయలో కలిశాయి. ఎవరూ చనిపోలేదు, అందుకే ఆ సంగతి పాలెం దాటి పెద్దగా ఎవరికీ తెలియలేదు. ఆ ఆరింట్లో మొదటిది చెంచులక్ష్మిది. భర్త పోయినావిడ, పిల్లల్లేరు, ఎండుచేపలు అమ్మి కట్టుకున్న ఇల్లు. అన్నం గిన్నె పట్టుకుని బయటికి వచ్చి నిలబడి, ఇల్లు వెళ్ళిపోయేదాకా చూసి, తమ్ముడి వైపు తిరిగి, “కొట్టినోడివి నువ్వే గదరా” అంది.

ఇంక ఆ తర్వాత మాట్లాడలేదు. రెండో వరసలో రేకుల ఇల్లు వేసుకుంది. తమ్ముడు వేసిస్తానంటే మొహం తిప్పుకుంది. అతను ఎదురొస్తే పక్కకు తప్పుకునేది. పాలెంలో ఎవరో మధ్యవర్తిగా వెళ్తే, “ఆ గట్టు మీద ఒక్క కణప మొక్క నిలబడినాక మాట్లాడతానని చెప్పండి” అందంట. ఆ మాట కోపంలో అన్నదో, నిజంగానే అన్నదో ఎవరికీ తెలియదు. పోలేరయ్య మాత్రం నిజంగానే తీసుకున్నాడు.

వరద తీసిన తర్వాత పాయ పొడుగునా వెతికాడు. ఎక్కడో బురదలో కూరుకుపోయిన వేరు ముక్క ఒకటి చిగురు పెట్టి కనపడింది. ఒక్కటే. దాన్నే తట్టలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

అతనికి కావాల్సింది నీడా కాదు, పువ్వూ కాదు. గింజలు. ఆ చెట్టు పెద్దదై కాయలు కాస్తే, ఆ గింజలు మొలిపించి గట్టంతా మళ్ళీ నాటాలి. రెండో వరస పాయలో పడకముందే నాటాలి. అక్క చూడాలి. ఇంతే అతని కోరిక.

“ఏదో నర్సరీలో కొనుక్కుని నాటొచ్చు కదా అన్నా, పదేళ్ళు ఆగడమెందుకు?” అన్నాను. అప్పటికి నా పిలుపులో ‘పెద్దాయన’ పోయి ‘అన్న’ వచ్చింది. నా అతితెలివి ఊరుకోక, మరుసటేడు గోదావరి పక్కనుంచి అరవై కణప మొక్కలు తెప్పించి ఇచ్చాను. మారుమాట లేకుండా అన్నీ గట్టున నాటి, ముళ్ళకంప కట్టి, మేకలు తోలుతూ కూర్చున్నాడు. మే నెలలో పాయ నీళ్ళు ఉప్పగా మారేసరికి ఒక్కటి మిగల్లేదు.

“అవి తీపినీళ్ళ బిడ్డలుమా. ఈ పాయ నీళ్ళు తాగి పుట్టినదే ఈడ నిలబడేది” అన్నాడు. నన్ను ఒక్కమాట కూడా అనలేదు. అన్నా బాగుండేది.

మా తోటలో మొక్క మాత్రం ఏపుగా లేచింది. నీళ్ళు నిలిచే పల్లంలోనే నీటిగుంట తీసి, దాని అంచున పెట్టాం. మొదటి ఏడాది చివర్లో నడుమెత్తు అయింది గానీ, సముద్రం గాలికి ఒకటే ఊగిపోయేది. నేను వెదురు కర్ర పాతి, ఏ గుడ్డపీలికతో కట్టాలా అని చూస్తుంటే, పోలేరయ్య లుంగీ మడతలోంచి పచ్చ నైలాన్ దారం తీసి రెండు చుట్లు చుట్టి ముడి వేశాడు. చేతులు ఎట్లా కదిలాయో నా కంటికి ఆనలేదు. లాగి చూశాను. కొంచెమైనా కదల్లేదు.

“ఇంక తుఫానొచ్చినా పర్వాలా” అన్నాడు.

నేను ఆ ముడిని ఫోటో తీసి, మత్స్యకారుల సంప్రదాయ జ్ఞానం అని రాసి మా శిక్షణ గుంపులో పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. రెండు రోజులు ఆ మెప్పులు చదువుకుంటూ గడిపాను. పర్మాకల్చర్ మనిషిని కాబట్టి నేల కనపడకూడదని చెట్టు మొదట్లో ఎండాకు, గడ్డి, కొబ్బరి పీచు పోస్తూ వచ్చాను. ఏటికేడు మోకాలెత్తు కుప్ప. మొదలుకు ఆనించకుండా జానెడు ఎడం ఉంచాలని శిక్షణలో చెప్పారంట. ఆ పూట నేను కునుకు తీసి ఉంటాను.

పోలేరయ్య రోజూ పొద్దున చేపల వేలంపాట అయిపోగానే వచ్చేవాడు. నా దగ్గరికి రాకముందే ఒకసారి పడవ ఒడ్డుకు లాగుతుంటే జారి తుంటి దెబ్బతిని, అతను సముద్రం మీదికి పోవడం మానేశాడు. కొడుకు కిషోర్ జువ్వలదిన్నె హార్బర్లో పని చూసుకుని అక్కడే ఉండిపోయాడు. వల బాగుచేయడం, తట్టలో చేపలు పెట్టుకుని తిరగడం, నా తోటలో కూర్చోవడం, అతనికి మిగిలిన పనులు ఇవే. నా మామిడంట్ల చోట ఏం పెట్టాలో, నీళ్ళను ఎటు తిప్పాలో, ఎక్కడ గట్టు వేయాలో అన్నీ అతనే చెప్పాడు. ఈ తోటలో ఇవాళ పచ్చగా ఉన్నదంతా అతను చెప్పినదే. కూలి ఇవ్వబోతే, “చెట్టు మేపుతుండావు గదా” అని చెయ్యి వెనక్కి పెట్టుకునేవాడు.

ఈలోపు పాలెం గట్టున రెండుసార్లు ఇసక బస్తాలు వేశారు. రెండుసార్లూ పాయ తీసుకుపోయింది. గట్టు అంచు చెంచులక్ష్మి ఇంటికి ఇరవై అడుగుల్లోకి వచ్చింది. పోలేరయ్య ప్రతి నెలా అడుగులు వేసి కొలిచేవాడు. అక్క గడపలో కూర్చుని ఉంటే, ఆమె లేచి లోపలికి వెళ్ళేదాకా ఆగి కొలిచేవాడు.

2023 వేసవిలో చెట్టు మొదటిసారి పూసింది. నాలుగైదు జడలు. జానెడున్నర పొడుగు దారాలు వేలాడి, వాటికి ఎర్రటి కుచ్చుల పూలు. పొద్దుగూకిన తర్వాత విచ్చుకుని తెల్లవారేసరికి రాలిపోతాయి. ఆ ఏడు కాయ నిలవలేదు. “తొలిపూత గదా” అనుకున్నాం.

2024 జూన్‌లో పూసిన పూత నేను ఇంతవరకూ ఏ చెట్టుకూ చూడలేదు. ఆకు కనపడకుండా ప్రతి కొమ్మకూ ఎర్ర జడలే. తెల్లారి వెళితే గుంటలో నీళ్ళు కనపడేవి కాదు, ఎర్ర చాప పరిచినట్టుండేది. పోలేరయ్య ఆ పూలలో చెయ్యి ముంచి తీసి, అరచేతికి అంటుకున్నవి లెక్కపెట్టేవాడు. అంతకు ముందు అతను అన్ని మాటలు మాట్లాడ్డం నేను వినలేదు. ఎన్ని కాయలు రావచ్చు, ఎన్ని డబ్బాలు కావాలి, గట్టు మీద ఎన్ని అడుగులకొకటి నాటాలి, ఇదే ధ్యాస. పాలెం ఆడవాళ్ళు వచ్చి చూసిపోయారు. నేను చెంచులక్ష్మి ఇంటికి వెళ్ళి పిలిచాను.

ఆమె ఎండుచేపలు తిరగేస్తూ, “పూతదేముండాదిమా. పూత నేనెరగనా? గట్టున మొక్క నిలబడనీ” అంది. కానీ ఎంత పూసిందో రెండుసార్లు అడిగింది.

ఆ సంతోషంలోనే జయరామయ్యగారిని పిలిచాను. నర్సరీల్లో ముప్పై ఏళ్ళు చెట్లు పెంచి రిటైరైన మనిషి. చూసి మెచ్చుకుంటాడని పిలిచాను, ఇంకెందుకు. ఆయన చెట్టు చుట్టూ తిరిగాడు. కొమ్మల చివర్లు వంచి చూశాడు.

“ఎన్నేళ్ళ చెట్టుమా?”

“ఎనిమిది దాటింది.”

“ఈ ఏడు ఒక్క కొత్త కొమ్మ రాలా. చిగురు లేకుండా ఇంత పూత పూయకూడదే. మొదలు చూపించు.”

ముగ్గురం కూర్చుని ఎండాకు కుప్ప తోడాం. పైనుంచి లావుగా వచ్చిన మాను నేలకు మూరెడు ఎత్తున కుండలా ఉబ్బి ఉంది. దాని కింద ఒక్కసారిగా మణికట్టంత సన్నగా అయిపోయింది. ఆ ఉబ్బుకూ సన్నానికీ మధ్య చుట్టూ లోతుగా గాడి. జయరామయ్యగారు కత్తి మొనతో ఆ గాడిలో గెలికాడు. పచ్చ దారం ముక్క పైకి లేచింది.

నేను ఇంకా అదేమిటా అని చూస్తూనే ఉన్నాను. పోలేరయ్య గుంట అంచున కూలబడ్డాడు.

“చెట్టుకు ఆకుల్లో తయారైన తిండి తోలులోంచి వేళ్ళకు దిగాల” అన్నాడు జయరామయ్య, ఎవరి మొహమూ చూడకుండా. “ఈ దారం గొంతు పట్టేసింది. వేళ్ళకు తిండి పోక మూడు నాలుగేళ్ళయినట్టుండాది. తిండంతా పైన నిలబడిపోయి పూత పూసింది. పోయే ముందు పూసే పూత ఇది.”

కింద తోలు గీరి చూశాడు. నల్లగా, మెత్తగా ఉంది. ఏళ్ళ తరబడి తడి ఎండాకు కప్పి ఉండడంతో కుళ్ళు పట్టింది. పైన కోసేస్తే మొదట్లోంచి చిగురు రాదా, ఆ కొమ్మ నాటితే వేరు పట్టదా అని అడిగాను. కుళ్ళిన మొదలు చిగురు పెట్టదు, ఈ కొమ్మలకు వేరు పట్టే సత్తువ లేదు అన్నాడు.

పోలేరయ్య కత్తి తీసుకున్నాడు. దారాన్ని ముక్క ముక్కగా కోసి తీశాడు. మానులోకి పూర్తిగా దిగిపోయినచోట గోటితో లాగాడు. ముడి ఒక్కటి మిగిలింది. కోయకుండా విప్పబోయాడు. పది నిమిషాలు చూశాం. రాలేదు. కత్తితో నరికేసి, దాన్ని చేతిలో పెట్టుకుని అప్పుడన్నాడు:

“సముద్రం మీద లావయ్యేది ఏదీ ఉండదుమా. కట్టింది కట్టినట్టే ఉంటాది, వదిలితేనే చావు. చెట్టు లావవుద్దని నాకు తెలుసు. నా చేతికి తెలియలా.”

“కప్పిపెట్టింది నేను అన్నా. సగం తప్పు నాది” అన్నాను. నాకు నిజంగా ఆ సగం కావాలనిపించింది.

“నువ్వు కప్పినావు. కట్టింది నేను” అన్నాడు. సగం కూడా ఇవ్వలేదు.

తర్వాత జయరామయ్యగారి వైపు తిరిగి, “గింజ ముదిరేదాకా బతికిస్తే చాలు సామీ. ఆ తర్వాత పోయినా పర్వాలా. సెప్టెంబరు దాకా” అన్నాడు. వేలంలో ధర తగ్గించమని అడిగినట్టు అడిగాడు. జయరామయ్యగారు గాడికి పేడా బంకమట్టీ కలిపి మెత్తి, నీళ్ళు ఆరనీయవద్దని చెప్పి వెళ్ళాడు. బస్సు ఎక్కేముందు నాతో మాత్రం, కాయ ముదరదని చెప్పాడు. నేను పోలేరయ్యకు చెప్పలేదు.

జులైలో పిందెలు దిగాయి. ఎక్కడ చూసినా పిందెలే. అతను గాలికి కొమ్మలు ఊగకుండా కింద వెదురు ఊతాలు పెట్టాడు. ఊతాలు పెట్టాడు గానీ కట్టలేదు. నేను అరటినార ఇవ్వబోతే రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడు. ఆ నెలలోనే పాలెంలో వలలు బాగుచేయడం కూడా మానేశాడని అతని భార్య వచ్చి నాతో మొరపెట్టుకుంది. “వల చేతికిస్తే తిప్పి ఇచ్చేస్తుండాడుమా. ఏమైందో చెప్పడు” అంది. నేను చెప్పాను. ఆమె చెట్టు వైపు చూసి, చెంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది.

ఆకులు ఎర్రబడ్డాయి. కణప ఆకు రాలేముందు ఎర్రబడుతుందని అతనే ఒకప్పుడు చెప్పాడు. కానీ ఈసారి కొత్త ఆకు రాలేదు. ఆగస్టు మొదటి వారంలో కాయలు రాలడం మొదలై వారంలో చెట్టు ఖాళీ అయింది. అన్నీ పచ్చివే. వేలి కణుపంత.

పోలేరయ్య ఒక్కటి వదలకుండా ఏరాడు. పెద్దవి వేరు చేసి, నూనె డబ్బాలు అడ్డంగా కోసి, పాయ బురద తెచ్చి నింపి పాతాడు. షెడ్డు గోడ పొడుగునా డబ్బాలు. తెల్లారి నీళ్ళు, సాయంత్రం నీళ్ళు. ఆదివారం కూడా. పచ్చి గింజ మొలవదని సముద్రం మీద బతికినవాడికి తెలియకపోవచ్చు, కానీ ఎనిమిదేళ్ళు నా తోటలో విత్తనాలు పెట్టినవాడికి తెలియకుండా ఎట్లా ఉంటుంది? తెలుసు. నాకు తెలుసని కూడా అతనికి తెలుసు. ఇద్దరం ఆ డబ్బాల పక్కన నిలబడి వానల సంగతి మాట్లాడుకునేవాళ్ళం. నా జన్మలో అంత పిరికిగా నేనెప్పుడూ లేను.

అక్టోబరు చివర్లో ఒక పొద్దున నేను వెళ్ళేసరికి డబ్బాలన్నీ బోర్లించి ఉన్నాయి. బురద కుప్పగా పోసి ఉంది. అతను ఒక గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కి చూపించాడు. జావలాగా చిట్లింది.

“నీ డబ్బాలు కడిగి పెట్టినానుమా” అన్నాడు. వెళ్ళిపోయాడు. మళ్ళీ తోటకు రాలేదు.

డిసెంబరు మొదట్లో మూడు రోజులు వాన పట్టింది. పాయ పొంగుతోందని, రెండో వరస ఖాళీ చేయిస్తున్నారని విని నా ట్రాలీ బండి తీసుకుని పాలేనికి వెళ్ళాను. గట్టు అంచుకూ చెంచులక్ష్మి గడపకూ మధ్య ఒక మనిషి పడుకునేంత నేల కూడా లేదు. మట్టి పెళ్ళలు పెళ్ళలుగా నీళ్ళలో జారిపోతోంది. ఆమె ఒక్కతే లోపలినుంచి సామాన్లు తెచ్చి బయట పెడుతోంది. డెబ్బై దాటిన మనిషి. పోలేరయ్య పది గజాల దూరంలో వానలో తడుస్తూ నిలబడ్డాడు. అందరి ఇళ్ళలోనూ సామాన్లు మోసి, ఆ ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు.

ఆమె ఇనప బీరువా గడప దాకా లాక్కొచ్చింది. అక్కడ ఇరుక్కుంది. నడుం పట్టుకుని నిలబడి, చుట్టూ చూసి, అతన్ని చూసింది.

“ఒరే పోలేరా. ఇట్రా. ఇది నా వల్ల కాలా.”

తొమ్మిదేళ్ళ తర్వాత మొదటి మాట అది. నేను అక్కడే ఉన్నాను కాబట్టి చెప్పగలుగుతున్నాను. అతను ఆ కాలు ఈడ్చుకుంటూ పరిగెత్తాడు. వెళ్ళి బీరువా పట్టుకోకుండా ఆమె ముందు నిలబడ్డాడు.

“మొక్క నిలబడినాక మాట్లాడతానంటివే అక్కా” అన్నాడు. చిన్నపిల్లవాడి గొంతు అయిపోయింది. “నిలబెట్టలేకపోయినా. ఈ తూరి కూడా నా చేత్తోనే పోయిందక్కా.”

“నిలబడేదానికి గట్టు యాడుండాదిరా ఇంక?” అంది చెంచులక్ష్మి. ఆ గొంతులో కోపం లేదు, అట్లాగని ప్రేమ ఉందని నేను అబద్ధం చెప్పను. అలిసిపోయిన గొంతు అది. “గట్టే పోయినాక నీతో నాకేం పగ? పట్టు. అటుపక్క పట్టు.”

పట్టాడు. ఇద్దరూ చెరోపక్క బీరువా ఎత్తారు. అక్క మాటకోసం తొమ్మిదేళ్ళు చూసిన మనిషి, ఆ మాట వచ్చాక ట్రాలీ దాకా ఏడుస్తూనే మోశాడు. ఆమె ఊరుకోబెట్టలేదు, జారుతుందని మాత్రం రెండుసార్లు హెచ్చరించింది. మధ్యాహ్నం దాటకముందే ఆ ఇల్లు పాయలో పడింది.